కాలవకు నీళ్ళొచ్చిన ఆదివారం

యనమలకుదురు,
మార్చి 9.

చిరంజీవి సౌభాగ్యవతి సువార్తకు అన్నయ్య దైవాధీనం ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ అందరమూ క్షేమమని వ్రాయడం ఆచారం. ఇంట్లో నేనొక్కడినే గనుక ‘అందరమూ’ అనలేను. క్షేమమని మాత్రం వ్రాయవచ్చు. ఫోను చేయకుండా ఉత్తరం ఎందుకని అడుగుతావు. ఫోనులో నీ మాట ఎక్కడ ముగుస్తుందో తెలియదు. కాగితం మీదనైతే ఎక్కడో ఒకచోట చుక్క పెట్టక తప్పదు. కనుక నీవు కూడా ఉత్తరమే వ్రాయవలెను.

మీ వదిన పోయి ఏడాది నిండింది. జ్ఞాపకార్థ కూడిక జరిపించాను. పాస్టరు జయపాల్ గంటన్నర ప్రార్థించాడు. అందులో మీ వదినను గురించి రెండు నిమిషాలు, కట్టబోయే మందిరపు రెండవ అంతస్తును గురించి మిగిలినది. అది ముగిసి పులిహోర పొట్లాలు పంచుతుండగా సంఘపెద్ద యేసుకుమార్ నా పక్కకు వచ్చి కూర్చున్నాడు. అపార్టుమెంట్లు కట్టి అమ్మే మనిషి గనుక మరణాన్ని కూడా స్థలం కొలతలలోనే చూస్తాడు.

“మాష్టారూ, సమాధుల తోటలో మేడమ్ గారి పక్క చోటు సంగతండీ. ఆవిడ మీకోసం అట్టేపెట్టమన్నారు, నిజమే. కానీ మన సంఘం రూలు మీకు తెల్సు కదండీ. నీళ్ళల్లో మునిగి బాప్తిస్మం తీసుకున్నోళ్ళకే చోటు. జూన్ లోపల మీరు తేల్చకపోతే మా అత్తగారి పేరు రాయించేస్తానండీ.”

అత్తగారు వెంకటరత్నమ్మ పక్క కుర్చీలోనే ఉన్నది. ఎనభై దాటినా పులిహోరలో పల్లీలు ఏరి నములుతున్నది. “నాకేం తొందర్లేదు పంతులు గారూ. చోటు మటుకు బాగుంది. గాలి తగులుద్ది” అన్నది.

నీకు తెలియనిది కాదు. మనం పుట్టింది చిలకరింపు సంఘంలో. మీ వదిన ఇరవై ఏళ్ళ క్రిందట ఈ ముంచుడు సంఘంలో చేరింది. నేను ఆదివారాలు ఆమె వెంట వచ్చి, ఫ్యాను క్రింద కూర్చొని, ప్రసంగం విని, దోషాలు లెక్కపెట్టుకొని వెళ్ళేవాడిని. ముప్పైతొమ్మిదేళ్ళు నా గురకను నిందించిన మనిషి, పునరుత్థాన దినం దాకా ఆ గురకను పక్కనే పెట్టుకోవాలని కోరుకొని పోయింది. ఆ ఒక్క కోరికను నేను త్రోసిపుచ్చలేను. ఆమె పక్కనే పడుకోవాలి. వెంకటరత్నమ్మ గారు మధ్యలో రాకూడదు.

కానీ ముంచుడు మాత్రం నాకు సమ్మతం కాదు. పసితనంలో నా తలమీద నీళ్ళు చిలకరించారు. ఒకసారి చేసిన సంతకాన్ని మళ్ళీ చేయమనడం, చేసినవాడికే కాదు, చేయించుకున్న దేవునికీ అవమానమే. నా అభ్యంతరం కేవలం సిద్ధాంతపరమైనదని గ్రహించవలెను. ఏమి చేయాలో నీవు ఆలోచించి వ్రాయి.

నీ అన్నయ్య,
కొక్కిలిగడ్డ దైవాధీనం


నాగాయలంక,
మార్చి 17.

అన్నయ్యకి,

ప్రభువు నామంలో వందనాలు అని రాస్తే నీకు విసుగు, రాయకపోతే నాకు వెలితి. అందుకని రాశాను, నువ్వు చదవకుండా కిందికి దిగు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘కేవలం సిద్ధాంతపరమైనది’ అన్నచోట నవ్వొచ్చి మళ్ళీ చదివాను. చిన్నప్పుడు నీకు నీళ్ళు చిలకరించినప్పుడు గుడి కప్పు లేచిపోయేట్టు ఏడ్చావంట. నాలుగు చుక్కలకే ఇట్టా ఏడిస్తే వీడు ముందు ముందు ఎట్టా బతుకుతాడో అని మిషను దొరసాని నవ్విందని అమ్మ చెప్పేది. ఆ సంతకం నువ్వు చేసింది కాదు అన్నయ్యా, వేలిముద్ర బలవంతంగా వేయించారు.

నువ్వు ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి నీళ్ళతొట్టి కడతానంటే వద్దని, బకెట్టూ చెంబూ చాలన్నావు. మీ ఇంటికి వచ్చినప్పుడల్లా చూస్తానే ఉన్నాను, ఆ బకెట్టు కూడా సగానికి మించి నింపవు. బ్యారేజీ మీద బస్సు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా కళ్ళు మూసుకుంటావు. అడిగితే ప్రార్థన అంటావు. ఇంట్లో అన్నం ముందు చేయని ప్రార్థన బ్యారేజీ మీదే ఎందుకొచ్చిద్దో నాకు తెలుసు. నీకూ తెలుసు. నువ్వు రాసేదాకా నేను రాయను.

ఇక్కడ మా మంచినీళ్ళ చెరువు అడుగంటతంది. కాలవ చివరనున్న ఈ చివారు భూమిలో బోరు వేస్తే ఉప్పు నీళ్ళే గదా. నేను హాస్టలు వార్డెన్‌గా దిగిపోయాక ఊరుకోలేక చెరువు కమిటీలో చేరాను. వేసవిలో ఒకసారి కాలవలకి నీళ్ళొదలమని ఊరూరూ తిరిగి సంతకాలు పెట్టించి పెద్దాఫీసులో ఇచ్చొచ్చాం. ఏం చేస్తారో చూడాలి.

చోటు వదులుకోకు. ఆ ముసలావిడ పక్కన వదిన పడుకోలేదు, రాత్రంతా పల్లీలు నమిలిద్ది.

నీ చెల్లెలు,
సువార్త


యనమలకుదురు,
ఏప్రిల్ 14.

చిరంజీవి సువార్తకు,

నీ ఉత్తరంలోని వ్యక్తిగత దూషణలకు జవాబివ్వడం నా స్థాయికి తగదు. శుభవార్త వ్రాస్తున్నాను. సమస్యకు పరిష్కారం దొరికింది, అదీ నా బుద్ధిబలం చేతనే.

ముందు తరగతుల సంగతి చెప్పాలి. బాప్తిస్మం కోరేవారికి శనివారం సాయంత్రాలు పాఠాలుంటాయి. ఐదుగురు కుర్రకారు, ఒక నేను. బోధించేది జయపాల్. ఇతడు ఎనిమిదవ తరగతిలో నా విద్యార్థి. సుద్దముక్కల డబ్బా తెమ్మని పంపితే గుమ్మం దగ్గర జారవిడిచి, సుద్దపొడి తెచ్చి ఇచ్చిన ఘనుడు. ఆ తర్వాత అతడి చేతికి నేను హాజరుపట్టీ కూడా ఇచ్చి ఎరుగను. ఇప్పుడు ఆత్మలను ఎత్తి పట్టుకుంటున్నాడు.

మొదటి రోజే “మాష్టారూ, మీరు రక్షింపబడ్డారా అండీ” అని అడిగాడు. “ఎవరి బారి నుండి” అన్నాను. కుర్రాళ్ళు నవ్వారు. అతడూ నవ్వాడు. నా తరగతిలో అయితే నవ్వనిచ్చేవాడిని కాను.

రెండవ పాఠం విధేయత. కుష్ఠు సోకిన సేనాపతి ఒకడు, ఏటిలో మునిగి రమ్మని ప్రవక్త కబురు పంపితే, మా దేశపు నదులు ఇంతకన్నా మంచివి కావా అని అలిగి వెళ్ళిపోయిన కథ చెప్పాడు. “అతడు అడిగినదానిలో తప్పేమున్నది. హేతుబద్ధమైన ప్రశ్న” అన్నాను.

“ప్రశ్న మంచిదేనండీ. కానీ కుష్ఠు అట్టాగే ఉంది కదండీ” అన్నాడు జయపాల్. “మాష్టారూ, విధేయత అంటే అర్థమయ్యాక చేసేది కాదండీ. అర్థమయ్యాక ఎవరైనా చేస్తారు. చెప్పినాయన్ని నమ్మి చేయటమే.”

“అర్థం కాకుండా వ్రాసిన జవాబులకు నేను సర్వీసంతా సున్నాలు వేశాను” అన్నాను. “నాకు చాలా వేశారండీ” అన్నాడు వినయంగా. ఆ వినయం నాకు నచ్చలేదు. దానిలో ఏదో గెలుపు ఉన్నది.

ఇక పరిష్కారం. మందిరంలో బాప్తిస్మపు తొట్టి యేసుకుమార్ కట్టించినదే గనుక కారిపోతున్నది. ఎవరికి బాప్తిస్మమిచ్చినా కరకట్ట క్రింది కాలవలోనే. అయితే పంటలు ముగిశాయి గనుక కాలవలు కట్టివేశారు. నేను స్వయంగా వెళ్ళి చూసివచ్చాను. కాలవ నడుమ పిల్లలు మూడు కర్రలు పాతి క్రికెట్ ఆడుతున్నారు. జూన్ దాటితే గాని నీరు రాదు. కృష్ణా డెల్టాలో పుట్టిన ఏ రైతుబిడ్డనడిగినా చెబుతాడు.

కనుక నేను పెద్దల కూటమిలో లేచి నిలబడి, నా బాప్తిస్మం మే రెండవ ఆదివారమే జరగాలని, ఆ దినం మీ వదిన పుట్టినరోజుకు దగ్గరలో పడుతున్నదని, గద్గదస్వరంతో కోరాను. అందరూ ఆమోదించారు. ఆ దినం కాలవలో నీరుండదు. తొట్టిలో నిలవదు. జూన్ గడువు దాటకూడదు. ఇక జయపాల్‌కు ఉన్న దారి ఒక్కటే, చెంబు. రెండు చెంబుల నీళ్ళు పోసి సరేననక తప్పదు. నీరు లేని కాలవలో మనిషిని ముంచడం దేవునికైనా కుదరని పని.

జయపాల్ మాత్రం “అలాగేనండీ. నీళ్ళు ఆయనే చూసుకుంటాడు” అన్నాడు. పాపం, అమాయకుడు.

నీ అన్నయ్య


నాగాయలంక,
ఏప్రిల్ 24.

అన్నయ్యకి,

నీ తెలివి చదివి పక్కింటావిడకి కూడా వినిపించాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఎందుకు నవ్వామో తర్వాత రాస్తాను.

మా చెరువు సంగతి నువ్వు ఒక్క ముక్క అడగలేదు. అడగనివాళ్ళకి చెప్పటం నాకూ నా స్థాయికి తగదు.

తెల్ల లాల్చీ గంజి పెట్టించు. మార్చుకోటానికి ఇంకో జత, తువ్వాలూ కూడా సంచిలో పెట్టుకో. చెంబు నీళ్ళకి తువ్వాలెందుకని అడక్కు. పెద్దవాడివి, జలుబు చేసిద్ది.

సువార్త


యనమలకుదురు,
మే 12.

సువార్తకు,

నిన్న ఉదయం తెల్లని అంగీలో, చేతిలో ఇత్తడి చెంబుతో కరకట్ట దిగాను. చెంబు మీ వదినది. నేనే తోమి తెచ్చాను.

కాలవ అంచుల దాకా నిండి పారుతోంది.

ముందు నా కళ్ళద్దాలను అనుమానించాను. తుడిచి చూశాను. గుర్రపుడెక్క కొట్టుకువస్తున్నది, కొబ్బరిబొండాలు కొట్టుకువస్తున్నాయి, పిల్లలు పాతిన మూడు కర్రలలో పొడవైనది ఒక్కటి మాత్రం కొస తేల్చి వణుకుతోంది. “రాత్రే వచ్చినయ్యండీ నీళ్ళు. చెరువులు నింపటానికి వదిలారంట. దేవుని కృప” అన్నాడు యేసుకుమార్.

కుర్రవాళ్ళు ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు దిగారు, మునిగారు, లేచారు. గట్టుమీద డోలక్కు, తప్పెట్లు, పాట. ఆరవ పేరు నాది. రేవు మెట్ల పక్క ఇనుపగొట్టం ఒకటి ఉన్నది. దానిని పట్టుకొని ఒక మెట్టు దిగాను. నీరు చీలమండను తాకింది. జయపాల్ నడుము లోతులో నిలబడి చేయి చాచి “రండి మాష్టారూ” అన్నాడు.

నేను వెనుదిరిగి మెట్టెక్కి, కరకట్ట ఎక్కి, రోడ్డుమీదికి వచ్చేశాను. పాట ఆగిపోయింది. నా వెనుక వెంకటరత్నమ్మ గొంతు వినబడింది. “పంతులు గారికి చలేసినట్టుంది.” మే నెలలో, సువార్తా.

ఆటో ఆపాను. డ్రైవరు నబీ నన్ను పైనుండి క్రిందిదాకా చూసి, “ఏం సార్, హాస్పిటల్ నుంచి చెప్పకుండా వచ్చేశారా” అన్నాడు. తెల్ల అంగీలో, చేతిలో చెంబుతో ఉన్నవాడిని అలా అడగడంలో అతడి తప్పేమీ లేదు. ఇంటిదాకా తీసుకొచ్చాడు. దిగేటప్పుడు “ఇంట్లో ఎవరైనా ఉన్నారా సార్, ఫోన్ చేయమంటారా” అన్నాడు. ఎవరూ లేరన్నాను.

ఇప్పుడు నీ దేవుణ్ణి ఒకటి అడుగుతాను, నీవు చేరవేయి. నాతో ఆయన నేరుగా మాట్లాడి చాలా కాలమైంది. నడివేసవిలో, సరిగ్గా ఆ ఆదివారమే, ఎండిన కాలవకు నీళ్ళు పంపించగల మహానుభావుడు, అప్పట్లో ఆ సాయంత్రం నీళ్ళను ఒక్క గడియ ఆపలేకపోయాడా.

పడవలో ఆయన నిద్రపోతున్నాడట. శిష్యులు లేపారట. లేచి గాలిని గద్దించాడట, సముద్రం నోరు మూసుకున్నదట. ఈ కథను సంఘపు ఉపదేశిగా నాన్న ఊరూరా చెప్పాడు. ఉప్పెన వస్తున్నదని తెలిసినప్పుడు కూడా అదే చెప్పాడు. ప్రార్థన మందిరంలోకి రండి, ప్రభువు చూసుకుంటాడు అన్నాడు. ఉపదేశి చెప్పాడని అందరూ వచ్చారు. నాన్న ఆయనను లేపలేదా. గొంతు చీలిపోయేదాకా లేపాడు, నేను విన్నాను, నీవూ విన్నావు. విధేయతను గురించి జయపాల్ నాకు పాఠం చెబుతున్నాడు. ఆ మందిరంలో కూర్చున్నవారందరూ విధేయులే, సువార్తా. అమ్మ కూడా.

నా అభ్యంతరం సిద్ధాంతపరమైనది కాదు. నాకు నీళ్ళంటే భయం. సుమారు యాభై ఏళ్ళకు ఇది ఒక వాక్యంగా వ్రాశాను.

చోటు వెంకటరత్నమ్మ గారికి పోతుంది. మీ వదినకు ఏమని చెప్పుకోవాలో తెలియడం లేదు.

దైవాధీనం


నాగాయలంక,
మే 14.

అన్నయ్యా,

పోస్టులో వేస్తే ఆదివారం దాటిద్దని అవనిగడ్డ బస్సు కండక్టరు చేత పంపుతున్నాను. టిక్కెట్టు కొట్టకుండా తెస్తానన్నాడు.

మొదట తిట్టు తిట్టించుకుంటాను. ఆ నీళ్ళు అడిగింది మేమే. నీ కాలవలోంచే మా చెరువుకి రావాలి. నీ మే రెండో ఆదివారం సంగతి నువ్వు రాసిన రోజునే నీళ్ళు వదిలే తేదీ మాకు తెలిసింది. అందుకే పక్కింటావిడా నేనూ నవ్వింది. నీ బుద్ధిబలం బోర్లాపడితే చూద్దామనుకున్నాను. నువ్వు ఒక్కడివే ఆ అంగీతో ఆటో ఎక్కటం నేను అనుకోలేదు. ఆ ముక్క చదివాక అన్నం సయించలేదు.

నాన్న సంగతి. నాకూ అర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. అర్థమైనట్టు చెప్పేవాళ్ళు ఎదురైతే చెప్పు తీయాలనిపించిద్ది. మా సంఘానికి ఒకాయన వచ్చి ‘అది దేవుని చిత్తం సిస్టర్’ అన్నాడు. టీ పెట్టకుండా పంపాను. అమ్మని తీసుకుపోయిన నీళ్ళని కృప అనమంటే నా నోరు రాదు. ఆయన్ని నేనూ అడుగుతాను, రోజూ అడుగుతాను. నువ్వు మాటలు మానేశావు, నేను మానలేదు, అంతే తేడా.

కానీ నాకు తెలిసింది ఒకటుంది. అది నీ దగ్గరే నేర్చుకున్నాను. నువ్వు మర్చిపోయావేమో.

మందిరం గోడ పోయాక కప్పు విడిపోయి, నేను ఒక వాసం కరుచుకుని కొట్టుకుపోతున్నాను. నువ్వు సర్కారు తుమ్మ చెట్టు మీద ఉన్నావు, ఒళ్ళంతా ముళ్ళు. కప్పు నీ చెట్టు పక్కనుంచి పోతంది. నువ్వు అరిచావు, ‘వాసం వదిలెయ్. నేను పట్టుకుంటాను, వదిలెయ్’ అని. నాకు పదిహేనేళ్ళు. వాసం గట్టిది, కళ్ళముందుంది. నువ్వు పంతులు ట్రైనింగు కూడా పూర్తికాని వెర్రివాడివి, నీకే పట్టు లేదు. ఆలోచిస్తే వాసమే నమ్మదగ్గది. అయినా వదిలాను. ఎందుకు వదిలానంటే నాకు కారణం తెలియదు. పిలిచింది నువ్వు గనక వదిలాను. నువ్వు నా జడ పట్టుకుని లాగావు. సగం జుట్టు ఊడిపోయింది, ఇంకా రాలేదు అక్కడ.

విశ్వాసం అంటే నాకు తెలిసింది అంతే. మిగతాదంతా పాస్టర్లు గంటన్నర చెప్పేది.

పడవ కథ చెప్పావు, నీళ్ళమీద నడవబోయి మునిగినవాడి కథ వదిలేశావు. వాడు మునుగుతుంటే ఆయన ముందు చెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత తిట్టాడు, నమ్మకం లేనోడా అని. వరస చూడు. మీ బడి పంతుళ్ళు ముందు తిట్టి, తర్వాత కూడా పట్టుకోరు.

ఇంకో సంగతి. జయపాల్ మొన్న నీకేమైందో అని నాకు ఫోను చేస్తే అంతా చెప్పేశాను. మీ ఇంటికొస్తాడు. నేను చెప్పటం తప్పయితే నన్ను తిట్టు. ఆ అబ్బాయికి మటుకు కాఫీ ఇచ్చి పంపు.

నెలాఖరుకి నీళ్ళు కట్టేస్తారు. దిగమని చెప్పటం లేదు. చెబుతున్నానంతే.

సువార్త


యనమలకుదురు,
మే 19.

చెల్లీ,

కండక్టరు నీ ఉత్తరాన్ని అరటిగెల మీద పెట్టి తెచ్చాడు. జిగురు మరకల మధ్య చదువుకున్నాను. ఆ వాసం సంగతి నేను మరచిపోలేదు. కానీ పట్టుకున్నవాడి వైపు నుండి మాత్రమే గుర్తున్నది. వదిలినవారి వైపు నుండి ఎన్నడూ ఆలోచించలేదు. నేను అరవగానే నీవు ఎందుకు ఆలస్యం చేస్తున్నావని ఆ క్షణంలో నీ మీద కోపం వచ్చినట్టు కూడా గుర్తు.

జయపాల్ శుక్రవారం వచ్చాడు. కాఫీ ఇచ్చాను. గ్లాసు అంచున పెట్టాడు, నేనే లోపలికి జరిపాను.

“మాష్టారూ, పెద్దలంతా మాట్లాడుకున్నామండీ. మీరు మునగనక్కర్లేదు. చోటు మీదే. యేసుకుమార్ గారు కూడా ఒప్పుకున్నారండీ” అన్నాడు.

“ఎలా ఒప్పుకున్నాడు.”

“వాళ్ళ అత్తగారు అందరి ముందూ తిట్టారండీ. మొగుడూ పెళ్ళాల మధ్య నన్ను పండబెడతావా, నాకేం ఖర్మ, నేనింకా పదేళ్ళుంటాను పొమ్మన్నారండీ.”

అంటే సమస్య తీరిపోయింది. మీ వదిన పక్కన నా చోటు నాకు వచ్చింది. ముంచుడు లేదు, చెంబు కూడా లేదు. రెండు రోజులు సంతోషించవలసినవాడిని. కానీ నిద్ర పట్టలేదు. నేను ఎవరికీ గ్రేసు మార్కులు వేసినవాడిని కాను. ముప్పైనాలుగు వచ్చినవాడిని ముప్పైనాలుగు దగ్గరే నిలబెట్టాను. ఇప్పుడు నూటికి సున్నా వచ్చిన నన్ను, సుద్దడబ్బా పగలగొట్టినవాడు వచ్చి, పాసు చేసి, కాఫీ తాగి వెళ్ళాడు.

నిన్న ఆదివారం ఆరాధన తర్వాత జయపాల్‌ను పక్కకు పిలిచి, “కాలవకు పోదాం, నడువు” అన్నాను. “చోటు కోసమైతే వద్దండీ, ఇచ్చేశాం కదా” అన్నాడు. “చోటు కోసమైతే పోయిన వారమే దిగేవాడిని” అన్నాను. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు.

పాటగాళ్ళు లేరు. డోలక్కు లేదు. వెంకటరత్నమ్మ గారు మాత్రం, కబురెలా తెలిసిందో, మనవడి బండి మీద వచ్చి గట్టుమీద గొడుగు వేసుకొని కూర్చున్నది.

ఇనుపగొట్టం పట్టుకొని దిగాను. చీలమండ, మోకాలు, నడుము. జయపాల్ నాకన్నా జానెడు పొట్టి, బరువులో సగం. ఒక చేయి నా వీపు వెనుక వేశాడు. రెండవ చేయి నా చేతుల మీద. కానీ నా కుడిచేయి గొట్టం మీదనే ఉండిపోయింది. అక్కడ అది ఉన్నదని నాకే తెలియలేదు.

“వదలండి మాష్టారూ” అన్నాడు.

గొట్టం గట్టిది. ప్రభుత్వం వారు సిమెంటులో పాతినది. ఇతడేమో గాజు గ్లాసును తిన్నగా పెట్టలేని మనిషి. ఆలోచిస్తే గొట్టమే నమ్మదగినది.

“నేను పట్టుకుంటాను, వదలండి.”

ఆ మాట నీళ్ళలో వినడం నాకు అదే మొదటిసారి, సువార్తా. అన్నప్పుడు దాని బరువు తెలియలేదు.

వదిలాను.

క్రింద ఏమి జరిగిందో వ్రాయమంటావేమో. ఏమీ జరగలేదు. పరలోకం తెరుచుకోలేదు. పావురం దిగలేదు. మునగబోతూ, తేలుతున్న గుర్రపుడెక్క మీద ఒక కొంగ నిలబడి ఉండగా చూశాను, అది మా వైపు చూడను కూడా లేదు. ముక్కులోకి, చెవులలోకి నీళ్ళు పోయాయి. ఒక్క క్షణం చీకటి, చప్పుడు. ఆ చప్పుడు నాకు తెలిసినదే. అందులో నాన్న గొంతు కోసం వెదికాను. లేదు. ఆ తర్వాత వీపు క్రింద ఒక సన్నని చేయి ఉన్నదని తెలిసింది. నన్ను పైకి తెచ్చింది అదే.

లేవగానే జయపాల్‌ను తిట్టాను. “ముక్కు మూయాలని తెలియదా, మూర్ఖుడా” అన్నాను. “మర్చిపోయానండీ” అని నవ్వుతూ, ఇంకా నన్ను పట్టుకొనే ఉన్నాడు. పట్టుకొన్న తర్వాతనే తిట్టు జరిగింది గనుక నీవు చెప్పిన వరస చెడలేదు. తిట్టినవాడే మారాడు. గట్టుమీదినుండి వెంకటరత్నమ్మ గారు “హల్లెలూయ, ఇక తుడుచుకోండి” అన్నది. నీవు చెప్పిన తువ్వాలు సంచిలోనే ఉన్నది.

ఆయనతో నా తగాదా తీరిందని అనుకోకు. నాన్నను గురించి, అమ్మను గురించి ఆయన నాకు జవాబు బాకీ. ఆ ప్రశ్నను కొట్టివేసే ప్రసక్తి లేదు. కానీ ఇన్నాళ్ళూ గట్టుమీద నిలబడి కేకలు వేశాను, అది కూడా ఆయన లేడన్నట్టు. ఇకమీదట దగ్గరగా వెళ్ళి అడుగుతాను. లేని మనిషి మీద ఎవడూ ఇంతకాలం కోపంగా ఉండడని నీళ్ళలో నిలబడినప్పుడు తోచింది.

తడిబట్టలతోనే మీ వదిన దగ్గరికి వెళ్ళాను. ఎడమ పక్క నా చోట కాసేపు కూర్చున్నాను. వెంకటరత్నమ్మ గారు చెప్పినది నిజమే. గాలి తగులుతుంది.

నీ అన్నయ్య


నాగాయలంక,
మే 26.

అన్నయ్యకి,

ప్రభువు నామంలో వందనాలు. ఈసారి చదవకుండా దిగటానికి వీల్లేదు.

మన నీళ్ళు వచ్చినయ్యి. నువ్వు మునిగిన నీళ్ళు ఈపాటికి మా తూము దాటి చెరువులోకి చేరుంటయ్యని కమిటీలో అందరికీ చెప్పాను. కాచి వడపోసుకుని తాగుతున్నాం. మా అన్నయ్య డెబ్భై ఏళ్ళ కోపం అందులో కలిసింది, పసిపిల్లలకి మటుకు రెండుసార్లు కాచి పొయ్యండి అని చెప్పాను. రుచి బాగానే ఉంది. కాస్త ఉపదేశం వాసన.

నేను కూడా నీకు ఒకటి రాయలేదు. నువ్వు రాశావు గనక ఇప్పుడు రాస్తాను.

మా చెరువు రేవులో ‘నీటిలో కాళ్ళు పెట్టరాదు’ అని బోర్డుంది. పెట్టించింది నేనే. శుభ్రత కోసమని ఊరంతా నన్ను మెచ్చుకున్నారు. ఎవరో ఒకరు బిందె ముంచి పైమెట్టు మీద నాకు అందిస్తారు, వార్డెనమ్మ గారికి గౌరవమని. అది గౌరవం కాదు అన్నయ్యా. ఆ రోజు నువ్వు నన్ను చెట్టు మీదికి లాగిన తర్వాత నేను మళ్ళీ నీళ్ళల్లో పాదం పెట్టలేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు తెల్లారగట్ట ఎవరూ లేకుండా చూసి బిందె తీసుకుని వెళ్ళాను. బోర్డు పక్కనుంచే మోకాలి దాకా దిగాను. పైనుంచి నువ్వు వదిలిన నీళ్ళే గదా అని.

సువార్త